చిదంబరానికి వినపడని చప్పుడు

మల్లాపూర్‌లో ముందు చక్రాల బ్రేకులు మార్పించుకుని నాచారం చేరేసరికే మొగిలయ్య కారులో కొత్త చప్పుడు మొదలైంది. గతుకు తగిలినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర ఏదో సన్నగా గలగలమంటోంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక మొగిలయ్య ఆ పాత కారునే కిరాయిలకు తిప్పుకుంటూ బతుకుతున్నాడు. భార్య శ్యామలమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు ఆమెను అందులోనే ఉప్పల్‌కు డయాలసిస్‌కు తీసుకెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక సీట్లో వాడిన తోటకూర కాడలా ఒరిగిపోతుంది. ఆ రోజు మాత్రం చప్పుడుకు కళ్లు తెరిచింది.

“ఏమయ్యా, ముందల టైరు కాడ ఏందో కొట్టుకుంటున్నది. నీకు ఇనస్తలేదా?”

“ఇనస్తున్నది. రేపు చిదంబరమన్నకు సూపిస్తా, ఫికర్ జేయకు.”

మల్లాపూర్‌లో షెడ్డు నడిపే చిదంబరం ఏళ్ల తరబడి అతని మెకానిక్; ఆ బ్రేకులు వేసిందీ ఆయనే. ఇంజన్ మోత విని రోగం చెప్పేస్తాడని పేరు. మర్నాడు వచ్చి పక్కన కూర్చుని, గుంతల రోడ్లన్నీ తిప్పించాడు. గలగల మోగుతూనే ఉంది. చిదంబరం మొహంలో మాత్రం కదలిక లేదు.

“ఏం లేదు తమ్మీ. కొత్త బ్రేకు ప్యాడ్లు, జర సెట్టయ్యేదాక గట్లనే ఉంటది.”

మొగిలయ్య నమ్మాడు. నమ్మాలనుకున్నాడు. ఆ వారంలోనే, డయాలసిస్ నుంచి వస్తూ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బ్రేక్ తొక్కితే, కారు ఎడమకు గుంజేసి ఒక ఆటోకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. శ్యామలమ్మ ముందు సీటుకు గుద్దుకుంది. సూదులు గుచ్చిన చేతి కట్టు ఎర్రబడింది. నెత్తురు ఆగేదాకా అదిమిపట్టి, ఆమెను ఆటోలో ఇల్లు చేర్చి వచ్చి, మొగిలయ్య పళ్లు నూరుకుంటూ కారును మెల్లగా మల్లాపూర్‌కు తోలాడు.

చిదంబరం అటు తిరిగి ఏదో విప్పుతున్నాడు. “అన్నా!” అన్నాడు మొగిలయ్య. పలకలేదు. గొంతు పెంచినా పలకలేదు. బల్ల మీద అతని ఫోను మోగి మోగి ఆగిపోయింది. చిదంబరం తల కూడా తిప్పలేదు.

తిడదామని వచ్చిన మొగిలయ్య దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. “అన్నా, నీకు ఇనబడుతున్నదా?”

చిదంబరం అతని పెదవులకేసి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“పెద్ద సప్పుళ్లు ఇనస్తయి. సన్నయి పోయినయి. ఎవలకు జెప్పుకోను? సప్పుడు తెల్వని మెకానిక్ కాడికి ఎవడొస్తడు?”

“ఇయ్యాల నీ మరదలు సచ్చిపోతుండె అన్నా. ముందు చక్రం విప్పు.”

విప్పాడు. బ్రేకును పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి రాలిపోయి ఉంది, రెండోది వేళ్లతోనే తిరిగింది. చిదంబరం ఆ బోల్టును అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“బోల్టు బిగిసింది సప్పుడుతోనే తెల్సుకుంటుంటి. నారపల్లి అచ్యుతరావు సారు బండికి గూడ మొన్ననే బ్రేకులు ఏసిన. పిల్లలను తిప్పుతడు అండ్ల,” అంటూ ఫోను మొగిలయ్య చేతిలో పెట్టాడు. “నువ్వు మాట్లాడు తమ్మీ. ఫోన్ల ఆయనేమంటడో నాకు ఇనరాదు.”

అచ్యుతరావు ఫోను ఎత్తలేదు. కొత్త బోల్టులు బిగించి ఇద్దరూ అదే కారులో నారపల్లి వెళ్లారు. అచ్యుతరావు గేటు ముందు ఆయన కారు కనబడగానే చిదంబరం దిగి, రోడ్డు మీదే పడుకుని దాని కిందికి దూరాడు. బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. బయటికొచ్చి ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఇంట్లోంచి వచ్చిన అచ్యుతరావు ఏమైందని అడిగితే ఇద్దరిలో ఎవరూ నిజం చెప్పలేదు.

తర్వాత ఏఎస్ రావు నగర్‌లో డాక్టరు చెవికి మిషన్ ఇచ్చాడు. అన్ని చప్పుళ్లూ ఒకేలా మోగుతున్నాయంటాడు చిదంబరం. బ్రేకులు వేసిన ప్రతిసారీ పక్క షెడ్డు మెకానిక్‌ను పిలిచి బోల్టులు చూపిస్తున్నాడు. మొగిలయ్య ఆయిల్ మార్పించుకోవడానికి అక్కడికే వెళ్తాడు. బ్రేకులకు మాత్రం ఉప్పల్‌లో ఇంకొకరిని చూసుకున్నాడు.

“బ్రేకులు ఇంకోకాడ ఏపిస్తున్నవని చిదంబరం బావకు తెలుస్తే బాధపడడా?” అని అడిగింది శ్యామలమ్మ, వెనక సీట్లో కూర్చుంటూ.

మొగిలయ్య బండి తీసి, మొదటి గతుకు దగ్గర ఎడమ చక్రం వైపు చెవి పెట్టాడు.