వెనక్కి చూడొద్దన్నారు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. సిరిసిల్లలో మోటార్లు రివైండింగ్ చేసే షాపు నాది. కరెంటు కంటికి కనపడదు, అయినా టెస్టర్ పెడితే ఉందో లేదో తేలిపోతుంది. అలా తేలనిది లోకంలో ఏదీ లేదని అందరితో వాదించేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో పోయింది మా అక్క కూతురు.

మా బాపు పోయిన మూడో రోజు అస్థికలు గోదావరిలో కలపడానికి మంథని వెళ్లాం. మా ఇంటివాళ్లు, అక్కావాళ్లు, బాపు అన్న అయిన పెద్దబాపు, ఇంకొందరు దగ్గరివాళ్లు, మొత్తం పన్నెండు మందిమి. పొద్దున తొమ్మిదిన్నర అయింది. ఎండ బాగానే కాస్తోంది. నది నిండుగా, కదులుతోందా లేదా అన్నట్టు ఉంది.

బాపు గురించి ఒక ముక్క చెప్పాలి. ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ మోతకు చెవులు సగం పోయాయి. షెడ్డులో గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు కాబట్టి, మనిషిని పిలవాలంటే వెనక నుంచి వచ్చి ఎడమ భుజం మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టేవాడు. ఇంట్లోనూ అదే అలవాటు. అన్నానికి పిలవాలన్నా, తిట్టాలన్నా ముందు ఆ తట్టుడే. నేను ఉలిక్కిపడి కసురుకునేవాణ్ణి.

అక్క కూతురు అక్షితకు తొమ్మిదేళ్లు. పిల్లలెవరినీ నీళ్లలోకి దిగనివ్వలేదు. మెట్ల మీదే కూర్చోబెట్టి, ఎర్ర ప్లాస్టిక్ మగ్గుతో తలల మీద నీళ్లు పోశాం. చాలా జాగ్రత్తపడ్డామనే అనుకున్నాం.

"గీడ మోకాలు మట్టుకే ఉంటది. నేను చిన్నప్పటి సంది చూస్తున్న" అన్నాడు పెద్దబాపు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసిన గోదావరి అదే. కానీ చివరి మెట్టు దాటి నాలుగడుగులు వేస్తే ఇసుక తోడిన గుంత ఉందని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. ఎవరినైనా అడగాలన్న బుద్ధి కూడా పుట్టలేదు.

కార్యం అయిపోయింది. "ఇగ నడువుండ్రి. ఎవ్వలు ఎన్కకు చూడొద్దు. చూస్తే పోయినోడు ఎంబడి వస్తడు" అన్నాడు పెద్దబాపు. అందరం తలలు వంచుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాం. అక్షిత తన నాన్న, అంటే మా బావ చెయ్యి పట్టుకుని ముందు పోతోందని అక్క అనుకుంది. అక్క దగ్గర ఉందని బావ అనుకున్నాడు. నేను తడిబట్టల సంచితో అందరికన్నా వెనక ఉన్నాను. నాకు మూడు మెట్ల పైన అక్క.

నాలుగో మెట్టు మీద ఉండగా ఎడమ భుజం మీద ఏదో తగిలింది. తువ్వాలు జారిందనుకుని సర్దుకున్నాను.

ఇంకో ఐదారు మెట్లు ఎక్కాక మళ్లీ తగిలింది. ఈసారి తువ్వాలు కాదు. రెండు వేళ్లు, రెండుసార్లు. నా వెనక ఎవరూ లేరని నాకు తెలుసు. ఊళ్లో అందరితో వాదించే నాకు ఆ క్షణంలో బాపు నిజంగానే వెంట వస్తున్నాడేమో అనిపించింది. చూడకూడదని పళ్లు బిగబట్టి నడిచాను. దేన్నీ నమ్మననేవాణ్ణి, ఆ ఒక్క మాటను మాత్రం నమ్మాను.

పై మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మూడోసారి. అది తట్టడం కాదు. ఎవరో భుజం పట్టి గుంజినట్టు నా ఒళ్లు వెనక్కి తిరిగిపోయింది.

ఒడ్డుకు కొంచెం దూరంలో ఎర్ర మగ్గు తేలుతోంది. దాని పక్కన నీళ్లమీద జుట్టు పరుచుకుని ఉంది. అరుపు లేదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడు కూడా లేదు. మునిగే పిల్ల అరుస్తుందని ఎవరు చెప్పారో గానీ అది శుద్ధ అబద్ధం. నోట్లోకి నీళ్లు పోతుంటే అరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

నేను కేక పెట్టగానే బావ ఒక్క ఉరుకున వెళ్లి దూకేశాడు. ఆయనకు ఈత రాదు. క్షణంలో ఆయనా మునగసాగాడు. నేనూ దూకబోతుంటే, అవతల వల సర్దుకుంటున్న జాలరి "దుంకకు! ధోతి ఇసురు!" అని అరుస్తూ తెప్ప తోసుకొచ్చాడు. రెండు ధోతులు ముడేసి విసిరి, మెట్టు మీద బోర్లా పడుకుని బావను లాగాం. పిల్లను జాలరి ఇసుక గుంతలోంచి తీశాడు, కొట్టుకుపోతున్న మగ్గు కోసం దిగినట్టుంది. ఆసుపత్రిలో డాక్టర్ నాడి చూసి తల అడ్డంగా ఊపింది. జర ముందు తీసి ఉంటే బతికేదేమో అంది.

జర ముందు. ఆ రెండు మాటలు నన్ను ఇప్పటికీ పడుకోనివ్వవు. మొదటి మెట్ల దగ్గరే తిరిగి చూసి ఉంటే ఎంత ముందయ్యేదో లెక్కేసుకుంటూనే ఉంటాను.

భుజం సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు, పైగా ఏడుపు, నరాలు అదిరి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు మా వాడలో ఎవరు గోదావరికి బయలుదేరినా ముందుగా వెళ్లి చెబుతాను. అక్కడి జాలరులను అడగకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు. ఒక తాడు, గాలి నింపిన ట్యూబు వెంట ఉంచుకోండి. మీ ఆచారం మీరు చేసుకోండి, కానీ ఒక్క మనిషి మాత్రం ఆఖరి పిల్ల పైకెక్కేదాకా నీళ్లవైపే చూస్తూ నిలబడాలి. అపశకునం మాటలని పెద్దమనుషులు నన్ను తిడతారు. తిట్టనీ.

బాపు సంవత్సరీకానికి అక్క కరీంనగర్ నుంచి వచ్చింది. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. తను చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండా అడిగింది.

"తమ్మీ, ఆ దినం నువ్వెందుకు ఎన్కకు తిరిగినవ్?"

"ఏదో సప్పుడైనట్టు అనిపించింది అక్కా."

"సప్పుడు గాలే. నేను గూడ ఆడనే ఉన్న గదా." ఇంకో కాయ తుంచింది. తర్వాత అంది, "నన్ను గూడ తట్టిండురా బాపు. గీ ఎడమ భుజం మీద, రెండు వేళ్లతోని. నేను తిరగలే."

నన్ను మూడుసార్లు పిలిచాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్క చేతిలోంచి చిక్కుడుకాయలు తీసుకుని నేనే తుంచాను.

నా ఒక్కడికే అయితే నరాలు అనుకోవచ్చు. ఇద్దరికీ ఒకే భుజం మీద, ఒకే తీరుగా ఎలా తగిలిందో నా బుర్రకు అందడం లేదు. ఆ రోజు పైదాకా మెట్లెక్కినవాళ్లం పదకొండు మందిమి. బాపు ఇంకెవరెవరిని తట్టాడో, ఎంతమంది తిరగకుండా నడిచారో నాకు తెలియదు. మేమిద్దరం పోగా మిగిలిన ఆ తొమ్మిది మందిలో ఒక్కరిని కూడా ఇప్పటిదాకా అడగలేకపోయాను.