మునెమ్మ హోటలు కేసు

1998లో నేను మదనపల్లె కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా యాక్సిడెంటు కేసులే వచ్చేవి. మనిషికి దెబ్బ తగిలితేనే కాదు, బండి గుద్ది ఇల్లో అంగడో పాడైనా పరిహారం అడగవచ్చు. దాన్ని మేం ‘ప్రాపర్టీ డ్యామేజ్ క్లెయిమ్’ అంటాం. చాలామందికి ఆ సంగతి తెలియదు. పుంగనూరు మునెమ్మకు తెలుసు. ఆమె హోటల్లో టిఫిను తినే బస్సు కండక్టరెవరో చెప్పాడట.

పుంగనూరు దాటాక రోడ్డు పక్కన ఆమెది మట్టిగోడల హోటలు. భర్త పోయాక ఇడ్లీలు, సంగటి అమ్మి ఇద్దరు కూతుళ్లను పెంచింది. ఒకరోజు పొద్దున, కుప్పం వైపు నుంచి గ్రానైటు రాళ్లతో వస్తున్న లారీ అదుపు తప్పి హోటల్లోకి దూసుకొచ్చింది. నీళ్లకు వెళ్లింది కాబట్టి ఆమె బతికింది. ముందుగోడ, గ్రైండరు, గిన్నెలు నుజ్జయ్యాయి. వెనక సగం నిలిచింది. అందులోనే పొయ్యి పెట్టుకుని వ్యాపారం చేస్తూ నా దగ్గరికి వచ్చింది.

“లారీ ఓనరు ఏమన్నాడమ్మా?”

“రోడ్డు మింద కూసోనుండేదానికి నష్టమేందని నగినాడు సామీ. ఏదో చేతిలో పెట్టి పొమ్మన్నాడు. నేను తీసుకోలా.”

స్థలం కాగితాలు అడిగాను. ఇంటిపన్ను రసీదులు తప్ప పట్టా లేదు.

“అది పోరంబోకు, అంటే సర్కారు స్థలం. కోర్టుకు పోతే ఆ మాట బయటికొస్తుంది. ఆలోచించుకో.”

“ఇన్నేండ్లు పన్ను కట్టించుకున్నోళ్లు ఇప్పుడు కాదంటారా? కేసు ఎయ్యి సామీ.”

వేశాను. డ్రైవరుదే తప్పని లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఒప్పుకున్నాడు. బోనులో ఉన్న మునెమ్మను మాత్రం, “ఆ స్థలం ఎవరిది?” అని అడిగాడు.

“నేనుండేది ఆడే సామీ. నాదే.”

“కాగితం ఉందా?”

ఆమె నా వైపు చూసింది.

తర్వాత ఆయన రోడ్ల శాఖ ఇంజనీరును సాక్షిగా పిలిపించాడు. ఆ హోటలు ఆక్రమణ అని ఇంజనీరు ప్రమాణం చేసి చెప్పాడు. స్థలం ఎవరిదైనా గోడ ఆమె కట్టుకున్నదే కదా అని వాదించాను. జడ్జిగారు తల ఊపారు. తీర్పులో మాత్రం గ్రైండరుకు, గిన్నెలకు పరిహారం ఇచ్చి, గోడలకు ఇవ్వలేదు.

కోర్టులో ఆక్రమణ అని చెప్పాక ఇంజనీరు ఊరుకోలేడు కదా. ఖాళీ చేయమని నోటీసు పంపాడు. స్టే కోసం తిరిగాను, దొరకలేదు. నేను చెక్కు తీసుకుని వెళ్లేసరికి మిగిలిన సగం కూడా నేలమట్టమై ఉంది. మునెమ్మ పలమనేరులో ఉన్న పెద్దకూతురి ఇంటికి పోవడానికి మూట కడుతోంది. పక్కనుంచి రాళ్ల లారీలు పోతూనే ఉన్నాయి.

“లారీ సగమే పగలగొట్టింది సామీ,” అంది తలెత్తకుండా. “నాయం అడిగినానని మిగిలింది వీళ్లు పగలగొట్టినారు.”

గుద్దిన లారీకి పర్మిట్, ఇన్సూరెన్స్ అన్నీ సక్రమంగా ఉన్నాయి. దెబ్బ తిన్న మనిషికే కాగితం లేదు.

ఆ తర్వాత ఇలాంటి కేసుతో ఎవరొచ్చినా, బండి ఎలా గుద్దిందని ముందు అడగడం మానేశాను. స్థలం ఎవరి పేరున ఉందని అడుగుతాను. పట్టా లేదంటే, ఓనరు ఇచ్చింది తీసుకుని నోరు మూసుకోమంటాను. చట్టం చదివినవాడు చెప్పవలసిన మాట కాదది. అయినా చెబుతున్నాను.