తెర లేని పెట్టె

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) అశోక్‌నగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం, నేనూ పాలమూరన్నా. ఇద్దరికీ చూపు లేదు, ఇద్దరం గ్రూప్స్‌కి చదివేవాళ్లం. అన్న దగ్గర టిఫిన్ డబ్బా అంత బ్రెయిలీ యంత్రం ఉండేది. దానికి తెర ఉండదు. మనం మీటలు నొక్కి రాస్తే చదివి వినిపిస్తుంది, ముందున్న పట్టీ మీద అవే అక్షరాలు చుక్కలై లేస్తాయి. అన్న నోట్సంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. పరీక్ష ఆదివారం.

యంత్రం కాస్త నెమ్మదించిందని అన్న అనడమే పాపం, "నేను చూస్తాగా" అని లాక్కున్నాను. దాని లోపల రహస్యంగా ఒక కమాండ్ ప్రాంప్ట్ దాగి ఉందనీ, అందులో ఏది ఆజ్ఞాపించినా యంత్రం కిక్కురుమనకుండా చేస్తుందనీ ఎక్కడో విన్నాను. విన్న మీటలన్నీ కలిపి నొక్కాను. నిజంగానే కిక్కురుమనలేదు. ఉన్న గొంతు కూడా పోయింది. పుట్టుకతో చూపు లేనివాణ్ణి, చీకటంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది.

ఆటో ఎక్కి నారాయణగూడలో ఓ కంప్యూటర్ షాపుకి పరిగెత్తాం. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంట్ల ఏం కనవడ్తలేదన్నా" అన్నాడు. "మాకూ అంతేనండీ" అన్నాను. అన్న నవ్వలేదు. "రీసెట్ కొడ్తే లేస్తది. గని లోపలున్నదంత పోతది" అంటూ షాపాయన రీసెట్ రంధ్రంలో గుచ్చే సూది కోసం లోపలికి కేకేశాడు.

"జర ఆగుండ్రి." అన్న యంత్రాన్ని ఒళ్లోకి తీసుకుని పట్టీ తడమసాగాడు. నేను చెవితో చదివే బాపతు, చుక్కలు తడమడమంటే నాకు నామోషీ. "తమ్మీ, గీ మూలకు ఒక్క చుక్క కొట్టుకుంటున్నదిరా. బతికే ఉన్నది!" వేలు పెట్టి చూశాను. లేస్తోంది, పడుతోంది. నా ప్రాంప్టే! పాపం, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది. అందులో ఉన్నంతసేపూ గొంతు రాదన్న ముక్క నాకెవరూ చెప్పలేదు. 'ఎగ్జిట్' అని కొట్టాను. "మెయిన్ మెనూ" అంది, ఏమీ జరగనట్టు. నోట్సు భద్రం. అన్న నా వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి తీసుకున్నాడు.

ఆ పరీక్షలో అన్న గట్టెక్కాడు, నేను మునిగాను. ఇప్పుడు చిక్కడపల్లిలో నా ఫోను అడగనిదానికీ మాట్లాడుతుంది. అది బిగుసుకుపోయినప్పుడు మాత్రం నా వేలు తనంతట తానే ఆ చుక్క కోసం వెతుకుతుంది. అద్దం నున్నగా ఉంటుంది, ఏదీ లేవదు. ఆ చుక్క మీద నాకింకా బెంగే.

అన్న ఇప్పటికీ ఫోన్ చేస్తే హలో అనడు. "ఏం తమ్మీ, చుక్క కొట్టుకుంటున్నదా?" అంటాడు.

"కొట్టుకుంటోందన్నా. నాలాంటివాడెవడూ బాగుచెయ్యకపోతే చాలు" అంటాను.