మంగక్క చెప్పిన సినిమా

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే, మా సైన్సు మాస్టారి ఫోన్లోంచి ఒక మోత వచ్చింది. చెవికంటే ముందు ఛాతీకి తగిలే మోత అది, అంతరిక్ష నౌక ఇంజను మోత. ఒకప్పుడు ఆదివారం పొద్దున్నే టీవీలో హిందీలో వచ్చిన సీరియల్లోది. ఆ సీరియల్ ఇప్పుడు మళ్ళీ కొత్త సినిమాగా వస్తోందట. "సీరియల్‌గా బంగారంలా ఉండేదండీ. సినిమాగా తీస్తే మాత్రం పనికిరాదు, ఎన్ని తీసినా అంతే," అని మాస్టారు నా వైపు చూశారు. నా ముక్కుకి అప్పటికే తడి కొబ్బరి పీచు వాసన వచ్చేసింది. ఆ మాటకి జవాబు తెలిసిన మనిషి ఒకరు ఉండేవారు. ఆవిడ అల్లవరం దారిలో తాళ్ళు పేనే షెడ్డులో రాట్నం తిప్పేది. పేరు మంగాయమ్మ, అందరికీ మంగక్క.

హిందీ పండిట్ శిక్షణ పూర్తయి, ఉద్యోగాల ప్రకటన కోసం ఎదురుచూస్తూ నేను ఆ షెడ్డులో చేరాను. నాకంటే చదువుకున్నవాళ్ళు అక్కడ లేరన్న పొగరు నాకు బాగానే ఉండేది. మేం అయిదుగురం నడుముకు పీచు కట్టుకొని, రాట్నానికి కొస తగిలించి, పీచు అందిస్తూ వెనక్కి నడిచేవాళ్ళం. షెడ్డు ఆ చివరికి చేరేసరికి ఒక తాడు అయ్యేది. కదలకుండా ఒకచోట ఉండేది మంగక్క ఒక్కతే. కాబట్టి కథ చెప్పేదీ ఆవిడే. మేం దూరం వెళ్ళేకొద్దీ గొంతు పెంచేది. కథ ఏడుపు దగ్గరికి వస్తే రాట్నం నెమ్మదించేది, తాడు వదులయ్యేది, యజమాని బయటినుంచి కేకలు వేసేవాడు.

సోమవారం చెప్పేది ఆదివారం చూసిన ఆ సీరియలే. మిగతా ఆడవాళ్ళకి హిందీ రాదు. మంగక్క ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది గనక ఆవిడకి వచ్చని అందరి నమ్మకం. అంతరిక్ష నౌకని ఆవిడ "పంటు" అనేది, గోదావరి దాటించే పంటు లాగా. దాని కెప్టెన్ "సరంగుగారు". ఊళ్ళు దాటినట్టు గ్రహాలు దాటుతూ పోయేవారు. నాకు నవ్వొచ్చేది గానీ, మా వాళ్ళందరికీ ఆ పంటులో ఎవరు ఎక్కడ పడుకుంటారో కూడా తెలుసు.

మొదటి సోమవారమే ఆవిడ నాకు పట్టుబడిపోయింది. ముందురోజు సీరియల్లో డాక్టరు, నీళ్ళు మూడు రోజులకే సరిపోతాయని కెప్టెన్‌ని హెచ్చరించాడు. మంగక్క చెప్పిన కథలో అదే డాక్టరు, "సరంగుగారూ, పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా?" అని అడిగాడు. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. బొమ్మలు చూసి, మొహాలు చూసి అల్లేస్తోంది. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"అక్కా, డాక్టరు అలా అనలేదు," అన్నాను.

రాట్నం ఆగింది. "ఆయ్, చదువుకున్నదానివి కదా పంతులమ్మా, నువ్వే చెప్పు," అంది మంగక్క. గొంతులో కోపం లేదు. కానీ మొహం పాలిపోయింది.

నేను చెప్పాను. ఒక్క మాట తప్పు లేకుండా చెప్పాను. సగం తాడు పేనేలోపు ఒకరు మిరపకాయల ధర మొదలుపెట్టారు. మా అందరిలో పెద్దావిడ నూకరత్నం అత్త, "మంగా, నువ్వే చెప్పవే," అంది. ఆ మంట నాకు చాలా నెలలు చల్లారలేదు.

అందుకే ఆ సీరియల్ సినిమాగా, అదీ తెలుగులో, అమలాపురం వచ్చిందని తెలియగానే నేనే అందరికీ టికెట్లు కొన్నాను. పైకి ఎంతో ప్రేమగా కొన్నాను. వాళ్ళ చెవులతో వాళ్ళే వినాలని, మంగక్క బండారం బయటపడాలని నా ఆశ. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"అది సినిమాకి ఒదగదే అమ్మా," అంది మంగక్క. "వారం వారం అయితే వాళ్ళు కొత్త చోట్లు చూడ్డానికి వెళ్తారు. సినిమా అంటే కొట్టుకోడానికే వెళ్ళాలి. రెండున్నర గంటల్లో లోకం ములిగిపోవాలి, మళ్ళీ తేలాలి. ఇంక వాళ్ళు కూర్చుని మాట్లాడుకునేది ఎప్పుడు?"

తప్పించుకోవడానికి అంటోందనుకున్నాను. అయినా వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకొని. వరసలో చివరి సీటులో కూర్చుంది.

ఆవిడ చెప్పినట్టే అయింది. పది నిమిషాలకే ఏదో గ్రహం పేలిపోయింది. డాక్టరు రెండు మాటలు మాట్లాడి తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు. తెర మీద మంటలు లేచినప్పుడల్లా ఆ వెలుగులో నేను మంగక్క మొహమే చూశాను. తెర వైపు కాకుండా మా వాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. వాళ్ళకి ఏం అర్థమవుతోందోనని ఆవిడ బెంగ. ఇంటర్వెల్లో సీటులోంచి లేవలేదు.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడ్డాం. నూకరత్నం అత్త అంది, "ఏంటే మంగా, మన డాక్టరుగారు ఒక్కసారైనా ఎవర్నీ తిన్నారా అని అడగలేదు. సినిమావాళ్ళకి ఆయన సంగతి తెలీదా ఏంటి?"

నేను నోరు తెరిచాను. ఆయన ఏ వారమూ అడగలేదని చెప్పబోయాను. నాకంటే ముందు మంగక్కే అంది.

"నాకు హిందీ రాదు అత్తా. కువైట్‌లో వంటింట్లో నాలుగు అరబ్బీ ముక్కలు నేర్చుకున్నాను, అంతే. ఆ ఆరేళ్ళూ తిన్నావా అని నన్ను ఒక్కళ్ళు అడగలేదు. ఆ పంటులోవాళ్ళూ ఇంటికి అంత దూరంలో ఉన్నారు కదాని, ఆయన చేత అడిగించేను."

నా నోరు దానంతట అదే మూతపడింది. నూకరత్నం అత్త చీర కొంగు సర్దుకొని, "సరే. సోమవారం ఈ సినిమా కూడా చెప్పు. ఆయన చేత అడిగించు," అంది.

మంగక్క చెప్పింది. సోమవారం మొదలుపెట్టి శనివారం దాకా చెప్పింది. గ్రహం పేలడం గురువారం గానీ రాలేదు. అప్పటికి ఆ గ్రహంలో ఎవరెవరున్నారో మాకందరికీ తెలిసిపోయింది గనక, అది పేలినప్పుడు అయిదుగురమూ నడక ఆపేశాం. థియేటర్లో నాకు కన్ను చెమ్మగిల్లలేదు, షెడ్డులో చెమ్మగిల్లింది.

నాకు ఉద్యోగం వచ్చాక అందరి దగ్గరా సెలవు తీసుకోవడానికి షెడ్డుకి వెళ్ళినప్పుడు, ఆవిణ్ణి పక్కకి పిలిచి నిజం చెప్పేశాను. "నీ పరువు తియ్యడానికే సినిమాకి తీసుకెళ్ళేను అక్కా."

"టికెట్లు నువ్వు కొన్నప్పుడే తెలుసు," అంది.

"మరి ఎందుకొచ్చేవు?"

"ఎన్నాళ్ళని దాచను? నాకై నేను చెప్పలేకపోయాను. నీ పుణ్యమా అని బయటపడింది. ఇప్పుడు హాయిగా చెప్పుకుంటున్నాను." నా తల మీద చెయ్యి వేసింది. నా చెడ్డ బుద్ధికి కూడా ఆవిడ అలా కృతజ్ఞత చెప్పింది. అంత పెద్ద మనసుని నేను మళ్ళీ చూడలేదు.

మంగక్క పోయి రెండేళ్ళయింది. మా సైన్సు మాస్టారికి ఇవాళ జవాబు చెప్పాను. సినిమాగానూ పనికొస్తుందండీ, కాకపోతే చూసొచ్చాక చెప్పేవాళ్ళు కావాలి అన్నాను. ఆయనకి సగమే అర్థమైనట్టుంది.

ఆ తర్వాత పీరియడ్ ఎనిమిదో తరగతిది. హిందీ పాఠంలో రైతు కథని ఒక అమ్మాయి తెలుగులో చెప్పింది. సగం మాటలకి అర్థం తెలియక సొంతంగా కల్పించేసింది. రైతుకి పాఠంలో లేని చెల్లెల్ని కూడా పెట్టింది. క్లాసంతా చెంపకి చెయ్యి ఆనించుకొని వింది. నేను కూడా ఆపకుండా చివరిదాకా విన్నాను. అయ్యాక దగ్గరికి పిలిచాను. కథ బాగుందని ముందు చెప్పాను. తప్పులు తర్వాత చెప్పాను.