ఇనుమును తిట్టని మనిషి

మా నాన్న కత్తులకు సాన పడతాడు. వీధిలో ఆయన పేరు కూడా ‘సాన’ అయిపోయింది. ఆయన రాతికి పెట్టిన కత్తి ఎంత పదునెక్కుతుందో, ఆయన పక్కన నిలబడిన మనిషి అంత మొద్దుబారిపోతాడు. కూర గడ్డి, నీళ్ళు మురుగు, పక్కింటివాళ్ళు దొంగలు, నేను దండగ. దర్జీ కత్తెర తెచ్చినా, కసాయి కత్తి తెచ్చినా, తెచ్చినవాడిని తిట్టేవాడు గాని వస్తువును తిట్టేవాడు కాదు. లోకం మొత్తంలో ఆయనకు గౌరవం ఉన్నది ఇనుమంటేనే. అమ్మ పోయిన రోజున కూడా సాన దగ్గర్నుంచి లేవలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన సంచి చిరిగింది. నా బడిసంచిలోని పుస్తకాలు నేలమీద బోర్లించి, అందులో కత్తెరలు వేసుకున్నాడు.

“చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే? వచ్చి చక్రం తిప్పు.”

నా చదువు అక్కడితో సరి. మోటారు కొన్నాక నాతో పని తీరిపోయింది. ఆసుపత్రిలో ఆయాగా చేరాను. సంచి మాత్రం ఆయన భుజాన్నే ఉండిపోయింది.

ఒకరోజు రాయి మీద కత్తి జారి ఆయన కుడి అరచేతిలో వేళ్ళు ముడిచే నరం తెగింది. మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. రాతిపొడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యాయి కాబట్టి పూర్తి మత్తు వద్దు, చెయ్యి ఒక్కటే మొద్దుబారుద్దామన్నారు. అంటే నోరు మేలుకునే ఉంటుందన్నమాట. నర్సమ్మ నుదురు కొట్టుకుంది.

మత్తు డాక్టరమ్మ నన్ను ఆయన తలవైపు నిలబెట్టింది. “మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే ముందు నోరు, చెవులే చెప్తాయి. మీ నాన్నతో మాట్లాడుతూ ఉండు. కొత్తగా ఏమన్నా అంటే నాకు చెప్పు.”

మాట్లాడించాల్సిన పని లేకపోయింది. చెయ్యి మొద్దుబార్చే సూది చంకలోకి దిగకముందే ఆయన మొదలుపెట్టాడు.

“ఇది ఆసుపత్రా, పశువుల దొడ్డా? ఏమే మొద్దూ, గుడ్లు మిటకరిస్తూ నిలబడ్డానికేనా నీకు జీతమిచ్చేది?” అన్నాడు నన్ను చూసి.

“నోరు మూసుకో పెద్దాయనా. నాలిక్కి కూడా ఓ సూది పొడిపిస్తా,” అంది నర్సమ్మ.

“పొడిపించు. నీ మొహం కనపడకుండా కళ్ళకి కూడా పొడిపించు.”

డాక్టరమ్మ మందు కొంచెం కొంచెంగా ఎక్కిస్తోంది. నాన్న మొహం చిట్లించాడు.

“నోట్లో ఏం పోశారే? ఛీ! దరిద్రపు ఇనుము నాకినట్టుంది.”

నర్సమ్మ నవ్వింది. “కత్తులు మింగిన నోరు కదా మరి!”

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. “ఇది ఈయన రోజూ అనే మాటేనా?” అని నన్ను అడిగింది.

అవునంటే సరిపోయేది. ఆ క్షణాన ఆయన మీద నాకున్నది జాలి కాదు. నేలమీద బోర్లించిన పుస్తకాలే కళ్ళముందు ఉన్నాయి. కానీ ఆయన నోట గడ్డి విన్నాను, మట్టి విన్నాను, బూడిద విన్నాను. ఇనుమును తిట్టగా బుద్ధెరిగాక వినలేదు.

“కాదు,” అన్నాను.

ఆమె సూది లాగేసింది. అప్పటికే పోకూడనంత మందు లోపలికి పోయింది. “చెవిలో ఆ గంటలు కొట్టేది ఎవడే, వాడి...” అన్న తిట్టు సగంలో ఆగిపోయింది.

“డాక్టరమ్మా!” నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు.

ఆయన ఒళ్ళు బిగుసుకుపోయి కొట్టుకుంది. తెరమీద గుండె గీత చదునవుతోంది. వెక్కిరించిన నర్సమ్మే ఆయన ఛాతీ అదుముతోంది. “తెల్లసీసా!” అని అరిచింది డాక్టరమ్మ. తిండి తినలేని రోగులకు రక్తంలోకి ఎక్కించే కొవ్వుమందు అది, చూడటానికి పాలలా ఉంటుంది. పరిగెత్తి తెచ్చింది నేనే. ముందు పెద్ద సిరంజితో, తర్వాత ధారగా ఎక్కించారు. ఆ తెలుపు ఒంట్లోకి దిగుతుండగా గీత ఒకసారి లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది.

“ఆ పాలు ఏం చేశాయమ్మా?” అని తర్వాత అడిగాను.

“పాలు కాదే, నూనె. నీళ్ళలో సన్నని చుక్కలుగా కలిపిన నూనె. ఈ మత్తుమందుకు కొవ్వంటే ప్రాణం. గుండెను పట్టుకున్నది వదిలి ఆ చుక్కల వెంట పోతుంది. అవి దాన్ని లివర్ దాకా మోసుకుపోయి దించుతాయి. అలిసిన గుండెకి ఆ కొవ్వు తిండిగా కూడా పనికొస్తుందంటారు.”

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో చేతుల గ్రీజు నీళ్ళకు ఎన్నడూ పోలేదు. నాన్న ముందు వంటనూనె రాసుకుంటే, అదే గ్రీజును లాక్కొచ్చేది. కూరకు నూనె లేదని అమ్మ అంటే అమ్మకు తిట్లు.

తెలివి రాగానే ఆయన అన్న మొదటి మాట, “నీళ్ళు తగలెయ్యండి.”

చెయ్యి ఇంకో రోజు కుట్టారు. ఇంటికొచ్చాక గుమ్మంలోకి వచ్చినవాడికల్లా ఒకటే కథ. ఆరోజు దర్జీ వంతు.

“నన్ను బతికించింది నూనెరా. ఇది గుడ్లగూబలా చూస్తూ నిలబడింది.”

నేను లేచి, మేకుకు వేలాడుతున్న నా బడిసంచి దించి, కత్తెరలు నేలమీద బోర్లించాను.

“పిచ్చెక్కిందా? వాటినెక్కడ పెట్టుకోనే?”

“నోట్లో పెట్టుకో నాన్నా. రుచి తెలిసిందిగా.”

దర్జీ పకపకా నవ్వాడు. నాన్న నోరు తెరిచాడు. తిట్టు మళ్ళీ సగంలో ఆగింది. ఈసారి నేను ఎవరినీ పిలవలేదు.