బురైమీ మన్ను

సత్యం ముప్పై ఒక్క ఏళ్ళు ఒమాన్ సరిహద్దు ఊరు బురైమీలో మట్టికోటలకు పూత పూశాడు. జగిత్యాల నుంచి వెళ్ళిన మిగతావాళ్ళు అద్దాల మేడలు కట్టారు. ఇతని వంతుకు వానకు కరిగే గోడలు వచ్చాయి. నాలుగు చినుకులు పడితే పూత జారేది. మళ్ళీ మన్నూ గడ్డీ నానబెట్టడం, తొక్కడం, అరచేత్తో పూయడం. మధ్యాహ్నం ఖర్జూరం నీడలో నాలుగు పళ్ళు, చక్కెర లేని కాఫీ.

అక్కడి ముసలి మేస్త్రీ సులేమాన్ అతనికి రెండు సంగతులు నేర్పాడు. గీకిన పాతమన్ను పారేయకూడదు, కొత్తమన్నులో కలపాలి. పాలకు తోడు వేసినట్టే, అది లేకపోతే గోడ బీటలిస్తుంది. రెండోది, పని ముగిశాక మేస్త్రీ లోపలిగోడకు అరచెయ్యి అద్దుకోవచ్చు.

సత్యం తన చెయ్యి అద్దలేదు. భార్య శేషమ్మ పంపిన ఉత్తరంలో నాలుగేళ్ళ కూతురు భవిత చెయ్యి గీసి ఉంది. అదే కొలతకు బురుజు మెట్ల పక్కన పచ్చిమన్నులో చిన్న చెయ్యి చెక్కాడు. ఆరేళ్ళకు ఆ పూత తీస్తున్నప్పుడు సులేమాన్ ఆ ముక్కను పగలకుండా కోసి చేతిలో పెట్టాడు. సత్యం దాన్ని తువ్వాలలో చుట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ ముక్క టెక్సాస్‌లో, కాపెల్‌లో, అతని పెట్టెలో చొక్కాల కింద ఉంది. మూడేళ్ళ కిందట శేషమ్మ పోయాక భవితే తండ్రిని తెచ్చుకుంది. మందులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఏదీ తప్పనివ్వదు. మాటలే లేవు. రెండేళ్ళకోసారి సూట్‌కేసుతో వచ్చి, తనకు చేరువయ్యేలోపే వెళ్ళిపోయిన మనిషితో ఏం మాట్లాడుతుంది? ముక్క చూపించాలని సత్యానికి రోజూ ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి, మంచిరోజు కోసం చూస్తూ కూర్చున్నాడు.

అంతలో ఎనిమిదేళ్ళ మనవరాలు హాసినికి స్కూల్‌లో కోట మోడల్ చేయమన్నారు.

"తాతా, కార్డ్‌బోర్డ్‌తో చేద్దాం. ఈజీ."

"అట్టకోటేంది బిడ్డా. మన్నుతోటి చేద్దాం."

బ్యాక్‌యార్డ్ మన్ను బకెట్‌లో నానింది. వాసనకు కాలనీ సంఘం హెచ్.ఓ.ఏ. వాళ్ళు లెటర్ పంపుతారని భవిత గొణిగింది. టెక్సాస్ నల్లమన్ను మహా మొండిది. మొదటి గోడ రెండురోజులకే నెర్రెలిచ్చింది. హాసిని ఏడ్చింది.

తోడు లేక చీలిందని సత్యానికి తెలుసు. ఒక పూటంతా ఆలోచించాడు. పాతమన్నుకు కొత్తగోడలో కలవడమే గౌరవమని సులేమాన్ అనేవాడు. బిడ్డ చెయ్యి మనవరాలి కోటలో కలిస్తే ఇంకేం కావాలి? తువ్వాల విప్పి ముక్కను బకెట్‌లో వేశాడు. మేస్త్రీ తెలివి గోడవరకే, మనిషి దగ్గర పనిచేయదు.

కోట నిలిచింది. వెంట్రుకంత బీట కూడా లేదు. లోపలిగోడకు హాసిని చేత చెయ్యి అద్దించాడు.

ఆఫీస్ కాల్ ముగించి వచ్చిన భవిత వంగి చూసింది.

"ఈ చెయ్యేంది, బాపూ?"

"ఆడ రివాజు. పని అయినంక చెయ్యి పెట్టుకుంటరు."

"నువ్వు పెట్టినవా?"

"నాది పెట్టలే. నీది పెట్టిన. నాలుగేండ్లప్పటిది."

ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఈ మూడేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు.

"ఏది? ఫోటో ఉన్నదా?"

సత్యానికి తానేం చేశాడో అప్పుడు తెలిసింది.

"ఫోటో లేదు. ఆ గోడముక్కనే ఉండె. మొన్నటిదాక నా పెట్టెలనే ఉండె."

"ఇప్పుడేది?"

అతను బల్లమీది కోటను చూపించాడు. పాతమన్ను సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"పాతికేండ్లు దాచినవ్. ఇంకొక్క వారం ఆగకపోతివా, బాపూ?"

కోపంగా అనలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆమె హాసిని చేతిగుర్తు మీద తన చెయ్యి ఆనించింది, వేళ్ళు పట్టలేదు. తర్వాత ఒక్కొక్క గోడా, బురుజులూ మెల్లగా తడమసాగింది. ఆ చిన్న చెయ్యి ఏ గోడలో కలిసిందో చెబుదామంటే సత్యానికీ తెలియదు.