శనివారం పూట సంగటి

మా అమ్మ శనివారం ఒక్కపొద్దు నా కోసం మొదలైంది. నేను పాలు తాగే వయసులో జ్వరం వచ్చి కళ్లు తేలేస్తే, బిడ్డ దక్కితే బతికినన్నాళ్లూ శనివారాలు పస్తుంటానని వెంకటరమణస్వామికి మొక్కుకుందట. నేను దక్కాను. దక్కడమే కాదు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్ల బస్సు నడుపుతూ, కూర్చుని కూర్చుని స్టీరింగుకు తగిలేంత పొట్ట కూడా పెంచాను. ఆమె మాత్రం శనివారం పొద్దంతా మంచినీళ్లతో గడిపి, సాయంత్రం దీపం పెట్టాకే ముద్ద ముట్టేది. పురుడైనా, పెళ్లైనా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ మాట తప్పింది లేదు.

నా కూతురు తొమ్మిదో తరగతి. పరిగి దగ్గర మా ఊరి నుంచి రోజూ హిందూపురం బడికి పోయొస్తుంది. ఖోఖో అంటే దానికి ప్రాణం. వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం, అవ్వతో పాటు తానూ ఒక్కపొద్దు ఉంటానంది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. చేతిలో సెల్లున్న ఈ కాలపు పిల్లకు ఎంత భక్తో అని బస్సెక్కిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. తర్వాత గురువారం చేరింది, ఆపైన సోమవారం. మిగతా రోజుల్లో కూడా ఏదో కొరికి లేచిపోయేది. బడిలో మధ్యాహ్న భోజనం వద్దంటోందన్న సంగతి మాకు తెలియనే తెలియదు. మొహం పీక్కుపోతుంటే నా భార్య దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తీసింది.

ఒకరోజు పెనుకొండలో బస్సు ఆపి టీ తాగుతుంటే బడిలో ఆటల మేడం ఫోన్ చేసింది. ఆడుతూ ఆడుతూ పాప కళ్లు తిరిగి పడిపోయిందట.

"పొద్దున ఏమన్నా తిని వస్తోందా అండీ?"

"ఒక్కపొద్దు మేడం" అన్నాను, గొప్పగానే.

"వారానికి ఎన్ని ఒక్కపొద్దులండీ? ఇట్లయితే నేను ఈ పిల్లను ఆడించలేను" అంది.

ఆస్పత్రిలో చూపిస్తే రక్తం తక్కువుందన్నారు. మాత్రలు రాసిచ్చి, కడుపునిండా తిండి పెట్టమన్నారు. ఇంటికొచ్చాక నా నోరు ఊరుకుంటుందా? వీధి వినేలా అరిచాను. పాప గోడకానుకుని అంతా విని, నెమ్మదిగా అసలు మాట చెప్పింది.

"సన్నగుంటే బాగ ఉరకొచ్చు నాయనా. టీములో నేనే లావు."

లావట! దాని చేతిగాజు మోచేతి దాకా జారుతోంది. నా భార్య గుడ్డు ఉడకబెట్టి తెచ్చి బతిమాలింది. అది మొహం తిప్పుకుంది. నేను మళ్లీ గొంతు లేపాను. అప్పుడు నా వైపు తిరిగి అడిగింది.

"అవ్వ తినకుంటే భక్తి. నేను తినకుంటే తప్పా?"

మూలన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆ వచ్చిన శనివారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. అమ్మ తలకు పోసుకుని, దేవుడి పటం ముందు దీపం పెట్టి, నడింట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"రెండు కంచాల్లో సంగటి పెట్టుకోని రామ్మా" అంది నా భార్యతో.

"ఈపొద్దు శనివారం అత్తా."

"తెలుసులే. ఊరిబిండి గూడా వెయ్యి."

కంచాలు వచ్చాయి, ఒకటి అమ్మకు, ఒకటి పాపకు. అమ్మ సంగటి తుంచి, వేరుశెనగలు నూరిన ఊరిబిండి పచ్చడిలో అద్ది, పటం వైపు చూసింది. "సామీ, ఆపొద్దు కొడుకు కోసం మానేస్తి. ఈపొద్దు మనవరాలి కోసం తింటాండా. కోపమొస్తే నామీద చూపించు. ఈళ్ల జోలికి రావాకు" అంది.

ముద్ద నోట్లోకి పోయింది. నేను బస్సు తాళాలు పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను. ఆ మొక్కు నా ప్రాణానికి కట్టినది కదా, భయమేసింది, దాచుకోను. భయం పోయాక మిగిలినదాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. నా తల్లి దేవుడితో ఎదురుగా కూర్చుని బేరం తిరగరాసుకుంది. అంత ధైర్యం ఆ బక్కప్రాణిలో ఇన్నాళ్లూ ఎక్కడుందో!

"వద్దవ్వా" అంటూ నా కూతురు ఏడ్చేసింది.

"నువ్వు నోట్లో ముద్ద పెట్టుకో. అంతవరకూ ఇది గొంతు దిగదు."

అది పక్కన కూర్చుంది. ఏడుస్తూనే తింది.

అప్పటి నుంచి పొద్దున నా బస్సు కదలకముందే నలుగురం కలిసి కూర్చోవాలని అమ్మ కట్టడి చేసింది. పాపకు సంగటితో గుడ్డు, ఆకుకూర. నాకు మాత్రం రెండో ముద్ద అడిగితే నా పొట్ట వైపు చూసేది. సాయంత్రం ఇంటి ముందర ఖోఖో. మేం ముగ్గురం వరసగా గొంతుక్కూర్చుంటే, పాప వెనక నుంచి వీపు తట్టి "ఖో" అనేది. నేను లేచేలోపు తెల్లవారేలా ఉండేది. అమ్మ కలుపు తీసే మడిలో లేచినంత సులువుగా లేచేది. నా భార్య చీర దోపుకుని ఉరుకుతుంటే, పెళ్లయ్యాక ఆమె ఉరకడం చూడటం అదే మొదటిసారి అని గుర్తొచ్చింది. పాప బుగ్గలకు రంగు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. ఆటల మేడం మళ్లీ టీములోకి తీసుకుంది.

ధర్మవరంలో పోటీలు పడింది కూడా శనివారమే. అమ్మను వెంట తీసుకుపోయాం. మొదటి ఆటలో నా కూతురు దుమ్ము లేపుకుంటూ ఉరికింది. అది నా కడుపున పుట్టిన పిల్లేనా అని నోరు తెరుచుకుని చూశాను. ఆట అయిపోగానే చెమటలు కారుతూ మా దగ్గరికి వచ్చి, క్యారియర్ విప్పి, మొదటి ముద్ద అవ్వ నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు తినవ్వా. నేను గూడా తినాల, నాకింకో ఆట ఉండాది."

అమ్మ చుట్టూ చూసింది. ఇంటి బయట, ఇంతమంది మధ్యలో, ఆమె తినడం నేనెన్నడూ చూడలేదు. ఒక్క క్షణం ఆగి నోరు తెరిచింది. ఆమె నమిలి మింగేదాకా చూసి, అప్పుడు నా కూతురు తన ముద్ద కలుపుకుంది.